రాయి కదలదు, చెక్క కదులుతుంది

ఇంటి పని జరుగుతున్న ఏ గుమ్మం ముందైనా ఈ బల్ల కనబడుతుంది. రెండు స్టూళ్ళ మీద ఒక ప్లైవుడ్ పలక, పలక మధ్యలో జానెడు చీలిక, చీలికలోంచి బొటనవేలంత ఎత్తున తొంగిచూసే పళ్ళ చక్రం. వంగి కిందికి చూస్తే నాలుగు స్క్రూలతో తలకిందులుగా బిగించిన మార్బుల్ కట్టర్. దాని స్విచ్చి నొక్కి, పక్కనున్న లాకు బొత్తాం కూడా నొక్కి అలాగే వదిలేస్తారు. ఇక ఆన్ చెయ్యడం, ఆపడం అంతా గోడకున్న ప్లగ్గు దగ్గరే. ఏలూరు పవర్‌పేట నుంచి తాడేపల్లిగూడెం దాకా, అటు కొల్లేటి లంకల్లో కొత్తగా కడుతున్న డాబాల దాకా, వడ్రంగం పని ఉన్న చోటల్లా ఇదే ఏర్పాటు.

ఒకప్పుడు ఇది మేస్త్రీల చేతిలోనే ఉండేది. ఇప్పుడు డాబా మీద గదుల్లోకి కూడా వచ్చేసింది. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, యూట్యూబు చూసి పుస్తకాల అర చేసుకుందామనుకునే కుర్రాళ్ళు రెండు మూడు వేలు పెట్టి కట్టర్ కొంటున్నారు, సాయంత్రానికల్లా దాన్ని బోర్లా తిప్పి బల్ల కింద బిగిస్తున్నారు. నేనూ ఆ బాపతే. ఒక వానాకాలం పాత పెంకుటిల్లు విప్పితే వచ్చిన టేకు వాసాల్ని నిలువునా చీల్చి బద్దలు తీద్దామని కూర్చున్నాను. మూడో వాసం సగం దాకా వచ్చింది. మిషను గొంతు మారింది. అంతవరకే నాకు గుర్తు. తర్వాతి క్షణంలో మూరెడు ముక్క నా డొక్కలో గుద్ది, వెనక గోడకు తగిలి కింద పడింది. రక్తం రాలేదు గానీ నెల రోజులు ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. మర్నాడు మా మేస్త్రీ వచ్చి, బల్ల వైపు కాకుండా ముక్క వైపు చూసి, “కర్ర తన్నిందండీ. నిలువు కోతలో తన్నుద్దండి” అన్నాడు.

ఆయన సరైన మాటే వాడాడు. అది జారలేదు, ఎగరలేదు, తన్నింది. ఎందుకు తన్నిందో తెలియాలంటే ముందు ఆ మిషను ఎందుకోసం పుట్టిందో చూడాలి.

మార్బుల్ కట్టర్ పేరులోనే ఉంది, అది రాయి కోసం చేసిన యంత్రం. రాయి కోసే చక్రానికి రంపంలా పళ్ళుండవు. అంచున వజ్రపు పొడి అతికించి ఉంటుంది. అది రాయిని కొరకదు, అరగదీస్తుంది. రాతిలో పడిన గీత ఎంత వెడల్పున పడిందో అంతే వెడల్పున ఉండిపోతుంది. తెరుచుకోదు, మూసుకోదు. అందుకే ఆ యంత్రం చేసినవాళ్ళకు చక్రం వెనక ఏమీ పెట్టాల్సిన అవసరం కనబడలేదు. వాళ్ళ తప్పేం లేదు. వజ్రపు చక్రం తీసి పళ్ళ బ్లేడు పెట్టి, చెక్కను దాని ముందుకు తెచ్చింది మనం.

చెక్క రాయిలా ఊరుకోదు. బతికున్నన్నాళ్ళూ చెట్టు గాలికి ఎదురు నిలబడుతుంది. మాను పెరిగే కొద్దీ బయటి పొరలు నిలువునా లాగి పట్టినట్టు, లోపలి పొరలు నొక్కి పెట్టినట్టు తయారవుతాయి. కొట్టాక ఆరేటప్పుడు పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి, వేసవిలో మళ్ళీ వదులయ్యే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొల్లేటి గాలి తేమలో అది మరీ ఎక్కువ. ఈ లాగుళ్ళూ నొక్కుళ్ళూ ఒకదాన్నొకటి ఆపుకుంటూ వాసంలో నిద్రపోతుంటాయి. మనం నిలువునా చీల్చగానే ఆ కట్టు తెగుతుంది. రెండు బద్దలూ వాటి ఇష్టం వచ్చిన వంపు తీసుకుంటాయి. దూరంగా విచ్చుకుంటే మన అదృష్టం. దగ్గరకు ముడుచుకుంటే, ఇంకా వాటి మధ్యలోనే తిరుగుతున్న బ్లేడును పటకారులా పట్టుకుంటాయి.

ఎక్కడ పట్టుకుంటాయన్నదే అసలు విషయం. బల్ల మీద తిరిగే బ్లేడుకు మన వైపున్న పళ్ళు కిందికి దిగుతుంటాయి. అవి చెక్కను బల్లకేసి అదుముతాయి. వాటివల్ల మేలే తప్ప కీడు లేదు. అవతలి వైపు పళ్ళు కిందనుంచి పైకి లేస్తాయి, లేచి మన మీదికి వస్తాయి. చీలిక మూసుకునేది సరిగ్గా అక్కడే, కోత అయిపోయిన చోట. అక్కడ చెక్క బ్లేడుకు తగిలిందంటే ఆ పళ్ళు దాన్ని లేవనెత్తి మన వైపు విసురుతాయి.

ఎంత వేగంతో విసురుతాయో ఒక కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. ఈ కట్టర్లు నిమిషానికి సుమారు 12,000 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 200 సార్లు. బ్లేడు అడ్డకొలత 110 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 345. సెకనులో ఒక్కో పన్ను 69 మీటర్లు పరిగెడుతుంది. గంటకు లెక్కేస్తే దాదాపు 250 కిలోమీటర్లు. ఏలూరులో బయల్దేరి పావుగంటలో విజయవాడ చేరే వేగం అది. చెక్క ఆనితే మోటారు కొంత నెమ్మదిస్తుందనుకుందాం, ముక్క ఆ వేగంలో సగమే అందుకుందనుకుందాం. అయినా గంటకు 125 కిలోమీటర్లు. క్రికెట్ బంతి బరువు 160 గ్రాములు. నన్ను తన్నిన ముక్క దానికి తక్కువేం తూగదు. పేస్ బౌలర్ ముందు నిలబడేవాడికి ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్, చేతిలో బ్యాటు ఉంటాయి. నాకు బనియనుంది.

దెబ్బ కర్రది. కోత మాత్రం చేతికి. చెక్కను రెండు చేతులతో ముందుకు తోస్తున్నాం. ఒక్కసారిగా చెక్క చేతుల కిందనుంచి మాయమైంది. తోస్తున్న బలం ఎక్కడికి పోతుంది? చెయ్యి ముందుకే పోతుంది, బ్లేడు ఉన్న చోటికే. “చూసుకుంటూనే ఉన్నానండీ, ఎలా తెగిందో తెలీలేదు” అంటారు వేలు పోగొట్టుకున్నవాళ్ళు. అబద్ధం కాదది.

ఇక్కడ మన ఇళ్ళలో ఎక్కువగా వాడే మాట గురించి ఒకటి చెప్పాలి. “జాగ్రత్త.” కట్టర్ పట్టుకున్న ప్రతివాడికీ ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదలడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎంత చురుకైనవాడికైనా అందులో పెద్ద తేడా ఉండదు. ఆ ఐదో వంతులో బ్లేడు 40 సార్లు తిరుగుతుంది. దానికి 40 పళ్ళుంటే 1,600 పళ్ళు ఒకే చోటు మీదుగా వెళ్ళిపోతాయి. స్విచ్చి వేశాక పడే జాగ్రత్తకు ఇంత తక్కువ విలువ. మనల్ని కాపాడేదేదైనా ఉంటే స్విచ్చి వెయ్యకముందే బల్ల మీద బిగించి ఉండాలి.

అలా బిగించాల్సిన వాటిలో మొదటిది చాలా చవకది. బ్లేడు వెనక, సరిగ్గా దాని వరసలో, కాస్త ఎడంగా నిలబడే పలుచటి ఉక్కు రేకు. రైవింగ్ నైఫ్ అంటారు. పేరుకు కత్తే గానీ పదునుండదు. బ్లేడు ఒంటికన్నా కొంచెం మందంగా, పళ్ళు చేసే చీలిక కన్నా కొంచెం పలుచగా ఉండాలి. చెక్క చీలుతూ వచ్చి ఈ రేకును దాటుతుంది. ఇక రెండు బద్దలూ ఎంత ముడుచుకోవాలని చూసినా మధ్యలో ఈ రేకు అడ్డు, వెనక పళ్ళ దాకా చేరవు. ఇదేం కొత్త కనుగోలు కాదు. బ్రిటన్‌లో 1922లో వచ్చిన వడ్రంగపు యంత్రాల నిబంధనలు గుండ్రటి రంపానికి వెనక ఈ రేకు, పైన గార్డు, పక్కన తోపుడు కర్ర ఉండి తీరాలన్నాయి. మన దేశపు ఫ్యాక్టరీ నిబంధనల్లోకి కూడా ఆ మాటలే దాదాపు యథాతథంగా వచ్చాయి. అయితే 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కలో కరెంటుతో పనిచేసే చోట పదిమంది పనివాళ్ళుంటేనే ఫ్యాక్టరీ అయ్యేది. డాబా మీద గదిలో ఒక్కడే ఉంటాడు. అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు.

గార్డు సంగతి మరీ విచిత్రం. కట్టర్‌ను చేత్తో నిటారుగా పట్టుకుంటే గార్డు చక్రం పై సగాన్ని, అంటే మన వైపున్న సగాన్ని కప్పుతుంది. బయట కనబడే సగం రాతిలో ఉంటుంది. అదే మిషనును బోర్లా తిప్పితే గార్డు బల్ల కిందికి పోయి, ఎవరూ చెయ్యి పెట్టని చోటును భద్రంగా కాపలా కాస్తుంది. బోడి సగం పైకి, మన వేళ్ళ మధ్యకు వస్తుంది.

అందుకే నా సలహా ఒకటే. నిలువు కోతలు ఇంట్లో పెట్టుకోకండి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ సామిల్లులు దూరమేం కాదు. కొలతలు రాసిచ్చి, బద్దలు చీల్పించుకుని ఆటోలో వేసుకు రావచ్చు. అక్కడి బ్యాండ్ రంపం చుట్టు పట్టీలా తిరుగుతూ కిందికే కోస్తుంది, చెక్కను బల్లకే అదుముతుంది. పైకి లేచే పళ్ళు పనిచేసే చోట ఉండవు. ఇంట్లో చేసుకోవాల్సింది అడ్డ కోతలు, గుండ్రాలు, అతుకులు. వాటికి జిగ్‌సా చాలు, చాలాసార్లు చేతి రంపమే చాలు. ఇది పిరికిమాట అని మా తమ్ముడు వెక్కిరించాడు. వాడి పది వేళ్ళూ ఉన్నాయి కాబట్టి వెక్కిరించగలిగాడు.

కరెంటు రంపం కావాల్సిందే అనుకుంటే మార్బుల్ కట్టర్‌కు పళ్ళ బ్లేడు తగిలించే బదులు చెక్క కోసమే చేసిన ఏడంగుళాల సర్క్యులర్ సా కొనండి. అది తిరిగేది నిమిషానికి 5,000 చిల్లర సార్లే. కింది గార్డుకు స్ప్రింగు ఉంటుంది, చెక్కలోంచి బయటికి రాగానే టప్పున మూసుకుంటుంది. దాన్ని తీగతో వెనక్కి కట్టేసి వాడేవాళ్ళను చూశాను. కొన్న డబ్బులో సగం విలువ ఆ స్ప్రింగుదే, కట్టేయకండి. ఇక యాంగిల్ గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు తగిలించడం ఎవరు నేర్పారో గానీ అంతకన్నా ప్రమాదం ఈ పనిలో ఇంకొకటి లేదు. ఏ బ్లేడు కొన్నా దాని ముఖం మీద గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. మిషను వేగం అంతకు మించకూడదు. మించితే పన్ను ఊడి తూటాలా వస్తుంది.

చేతి సర్క్యులర్ సాతో కోసేటప్పుడు పలకను రెండు కొసల్లో స్టూళ్ళ మీద పెట్టి మధ్యలో కోస్తారు చాలామంది. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ కోత సాగే కొద్దీ పలక మధ్యలో కుంగుతుంది, చీలిక పైన మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. ఈసారి తన్నేది చెక్క కాదు, మిషనే మన మీదికి ఎగురుతుంది. అందుకని ఉంచుకునే వైపును గట్టిగా ఆనించి, తెగిపోయే ముక్కను స్వేచ్ఛగా కిందికి పడనివ్వాలి. లేదా నేల మీద థర్మోకోల్ పలక పరిచి దాని మీద పెట్టి కోయండి. కొల్లేటి వైపు చేపల పెట్టెల థర్మోకోల్‌కు కొదవా?

అసలైన రంపం బల్ల ఉన్నవాళ్ళకు రెండు మూడు మాటలు. బ్లేడు చెక్కపైన ఒక పంటి ఎత్తున కనబడితే చాలు. దారి చూపే అడ్డపట్టీ బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో ముందూ వెనకా టేపుతో కొలవండి. వెనక ఒక్క మిల్లీమీటరు దగ్గరైనా అది చెక్కను వెనక పళ్ళకేసి నొక్కుతుంది. బ్లేడుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడండి. చెయ్యి బ్లేడుకు జానెడు దూరంలోకి వస్తే ఇక వేళ్ళ పని అయిపోయింది, మిగతాది తోపుడు కర్ర పని. అది కొనక్కర్లేదు. పాత ప్లైవుడ్ ముక్కకు గాడి తీసి చేసుకోవచ్చు, తెగితే ఇంకోటి చేసుకోవచ్చు.

ఇప్పుడు కరెంటు. లాకు బొత్తాం నొక్కి గోడ స్విచ్చితో నడిపే బల్ల దగ్గర కరెంటు పోతే ఏమవుతుంది? చక్రం ఆగుతుంది. మనం చెక్కను తీస్తాం, చీలికలో ఇరుక్కున్న పుల్లను వేలితో పీకుతాం, పొట్టు ఊడుస్తాం. కరెంటు ఎప్పుడొస్తుందో మనకు చెప్పి రాదు. దీనికి విరుగుడుగా ఒక రకం స్విచ్చి ఉంది. కరెంటు పోతే తానే ఆఫ్ అవుతుంది, వచ్చాక మళ్ళీ నొక్కితే తప్ప ఆన్ కాదు. బల్ల ముందు మోకాలికి అందేలా బిగిస్తే ఆపడానికీ చేతులక్కర్లేదు. అది దొరికేలోగా కరెంటు పోగానే ప్లగ్గు పీకి చేత్తో పట్టుకోండి. బ్లేడు మార్చేటప్పుడూ అంతే, స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు కళ్ళ ముందుండాలి. నేల చెమ్మగా ఉండే ఊళ్ళు మనవి. గదికి వచ్చే లైనులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ.

పాత ఇళ్ళ కర్రతో ఇంకో పేచీ. టేకు వాసం లోపల యాభై ఏళ్ళనాటి మేకు తల విరిగి దాక్కుని ఉంటుంది. పైన నల్లటి మరక కనబడితే అనుమానించాలి. అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి వాసం మీదుగా నడిపితే చాలావరకు దొరికిపోతుంది. తాటికర్ర మరో జాతి. ఒక తాటి మొద్దు తొలిచి దోనె చేసుకుని కొల్లేట్లో తిరిగిన ప్రాంతానికి దాని గుణం తెలుసు. బయట ఇనుములాంటి నల్లని నార, లోపల మెత్తని గుజ్జు. దోనె అంత తేలిగ్గా తొలవగలిగింది అందుకే. బ్లేడుకు మాత్రం ఒకే కోతలో రెండు వేర్వేరు కర్రలు ఎదురైనట్టుంటుంది. బయటి నార సూదుల్లా చీలి లేస్తుంది. కళ్ళకు పక్కలు మూసిన అద్దాలు లేకుండా తాటిని కోయకండి. చూపు కోసం పెట్టుకునే కళ్ళజోడు ఇందుకు పనికిరాదు.

బట్టల గురించి మన దగ్గర వేరే చెప్పాలి. లుంగీ, మెడలో తువ్వాలు, ఆడవాళ్ళయితే చున్నీ, పైట, జడ, ఇవన్నీ చక్రానికి అందే తాళ్ళు. చేతికి గ్లవ్స్ రక్షణ అనుకుంటాం, తిరిగే బ్లేడు దగ్గర అది తప్పు. చర్మాన్ని తాకితే పన్ను గాటు పెట్టి పోతుంది. గ్లవ్‌ను తాకితే దారం పట్టుకుని చెయ్యి మొత్తాన్ని లోపలికి లాగుతుంది. ఇక పొట్టు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొట్టును 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ముక్కు, దాని పక్క గదులకు వచ్చే క్యాన్సర్ అది. తువ్వాలు ఆ సన్నపు పొడిని ఆపదు, ఎన్95 ఆపుతుంది. చెవుల్లో దూది కూడా చాలదు. రంపం మోత 100 డెసిబెల్స్ ఉంటే రోజుకు పావుగంటే చెవి ఓర్చుకోగల హద్దు.

యంత్రమే చేతిని గుర్తుపట్టి ఆగితే? అమెరికాలో స్టీవ్ గాస్ అనే భౌతికశాస్త్రవేత్త, పేటెంటు లాయరు కూడా, 1999లో ఈ ప్రశ్నతో మొదలుపెట్టాడు. బ్లేడులోకి సన్నని విద్యుత్ సంకేతం పంపిస్తారు. ఎండిన చెక్క దాన్ని పెద్దగా మార్చదు. మనిషి ఒళ్ళు తగలగానే ఆ సంకేతంలో కొంత ఒంటిలోకి పోతుంది. ఆ తేడా పసిగట్టిన వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ ఎగిరి బ్లేడు పళ్ళలో ఇరుక్కుంటుంది. సెకనులో ఇన్నూరో వంతులో, అంటే 5 మిల్లీసెకన్లలో చక్రం ఆగుతుంది. వేలికి గీరుకుపోయిన గాటు మిగులుతుంది. సా‌స్టాప్ పేరుతో అమ్ముతున్న ఈ బల్ల ఖరీదు మన కట్టర్‌కు పదుల రెట్లు. పైగా పచ్చి కర్ర, తడి కర్ర ఒంటిలాగే సంకేతాన్ని లాగేసుకుని ఉత్తపుణ్యానికి ఆపేయగలవు, ఆగిన ప్రతిసారీ దిమ్మా బ్లేడూ కొత్తవి కొనాలి. మన తేమలో, మన జేబుల్లో అది ఇప్పట్లో ఇమడదు. వెనక పలుచటి రేకు మాత్రం వందేళ్ళుగా ఇముడుతూనే ఉంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగితో కలిపి 18 వృత్తులవారికి ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ శిక్షణలో ఒక్క గంట వెనక పళ్ళ గురించి చెప్పాలని, ఆ 15,000లో మొదటి ఐదు వందలు రేకుకూ స్విచ్చికీ పెట్టించాలని నా కోరిక.

ఇంత చెప్పినా వేలు తెగే రోజు ఎవరికో వస్తుంది. చాకు కోసిన వేలు వేరు, రంపం తిన్న వేలు వేరు. చాకు విడదీస్తుంది. రంపం తన మందం మేర ఎముకను పొట్టు చేసి తీసుకుపోతుంది. అయినా అతికే అవకాశం ఉంటుంది. 1965లో జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ అనే వైద్యులు పూర్తిగా తెగిన బొటనవేలిని మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కుట్టి మొదటిసారి బతికించారు. వేలిలో కండ తక్కువ కాబట్టి చల్లగా ఉంచితే 24 గంటల దాకా కూడా ఓపిక పడుతుంది. మామూలు వేడిలో వదిలేస్తే అందులో సగం కూడా నమ్మలేం.

ముందు గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. తెగిన వేలిని కడిగి రుద్దకూడదు. శుభ్రమైన గుడ్డను మంచినీళ్ళతో తడిపి పిండి, వేలిని అందులో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, గాలి చొరకుండా కట్టాలి. ఆ కవరును ఐసు వేసిన నీళ్ళలో ఉంచాలి. ఆకివీడు, కైకలూరు వైపు ఐసుకు కరువు లేదు, అదే అక్కడి ప్రమాదం కూడా. చేపను సర్దినట్టు వేలిని నేరుగా ఐసులో పెడితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, ఆ వేలు ఇక అతకదు. గాయపడినవారికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి రావచ్చు. 108కి ఫోన్ చేసినప్పుడు “వేలు తెగింది, తెగిన వేలు మా దగ్గరుంది” అని మొదటి మాటగానే చెప్పండి. వేలు అతికే ఏర్పాటున్న ఆసుపత్రికి తీసుకెళ్ళమని అప్పుడే అడగండి.